కళింగము పేర బహుమానము, పాఠశాలల ప్రశ్నల పోటీ

నౌపడ అనగానే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది ఉప్పు. సముద్రపు దిక్కున చదరములుగా కట్టిన ఉప్పుమడులు, వాని గట్లమీద తెల్లని కుప్పలు ఆ ఊరికి ఆనవాళ్లు. మద్రాసు–హౌరా రైలుమార్గమున నున్న ఈ స్టేషను నుండియే 1900 సంవత్సరమున పర్లాకిమిడి రాజావారు తమ పట్టణమునకు చిన్నరైలు వేయించిరి. రెండున్నర అడుగుల వెడల్పుగల పట్టాలమీద నడచిన ఆ బండి 1931 నాటికి గుణుపురము వరకు సాగినది. శతాబ్దమునకు పైగా కొండసీమను కోస్తాతో కలిపి, 2004 లో అది ఆగిపోయినది. పిమ్మట ఆ మార్గమును బ్రాడ్‌గేజిగా మార్చిరి. ఉప్పు వలనను, రైలు వలనను నౌపడ పేరు దూరదేశములకు పోయినది.

ఈ సీమకు ఇంతకంటె ప్రాచీనమైన పేరు వేరొకటి కలదు. అది కళింగము. క్రీస్తునకు పూర్వము 261 ప్రాంతమున అశోకుడు జయించి, జయించినందులకు పశ్చాత్తాపము నొందిన దేశమిది. వంశధారాతీరమున నున్న ముఖలింగమే గంగరాజుల కళింగనగరమని చరిత్రకారులలో పెక్కుమంది అభిప్రాయము. ఆ నది సముద్రమున కలియుచోట కళింగపట్నము నేటికిని ఆ పేరును నిలుపుకొని యున్నది. కళింగము ఒడియావారికిని తెలుగువారికిని ఉమ్మడి వారసత్వము. నౌపడ నుండి పర్లాకిమిడికి పోయిన చిన్నరైలు ఎక్కినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఒకే పెట్టెలో రెండు భాషలును వినబడెడివి.

ఈ కళింగము పేర ప్రపంచమున ఒక బహుమానము కలదు. విజ్ఞానశాస్త్రమును సామాన్యజనులకు సుబోధము చేసినవారికి యునెస్కో సంస్థ ఇచ్చునదియే కళింగ బహుమానము. జనులు బిజూ పట్నాయక్ అని పిలుచుకొనిన విజయానంద పట్నాయక్, తాను స్థాపించిన కళింగ ఫౌండేషన్ ట్రస్టు ద్వారా ఇచ్చిన ధనముతో అది ఏర్పడినది. 1952 లో తొలి బహుమానము ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త లూయీ ద బ్రోయీకి లభించినది. 1953 లో జూలియన్ హక్స్‌లీ, 1957 లో బెర్ట్రండ్ రస్సెల్ దానిని పొందిరి. మన దేశీయులలో 1963 లో జగ్‌జిత్ సింగ్, 1996 లో జయంత్ నార్లికర్, 1997 లో హైదరాబాదున జీవశాస్త్ర పరిశోధన చేసిన డి. బాలసుబ్రహ్మణ్యం ఆ గౌరవమునకు పాత్రులైరి. వీరిలో అనేకులు గ్రంథకర్తలు. శాస్త్రమును గూర్చి సామాన్యులకు తెలియునట్లు వ్రాసినవారు.

1999 లో ఆ బహుమానమును ఇద్దఱకు పంచియిచ్చిరి. ఒకరు ఆర్మీనియాకు చెందిన ఎమిల్ గాబ్రియేలియన్. రెండవవారు పశ్చిమాఫ్రికాలోని ఘానా దేశపు జీవరసాయన శాస్త్రవేత్త మేరియన్ ఎవురామా ఆడీ. ఆమెను ఆమె దేశమున ఇంటింట ఎఱుగుదురు. వారమునకొకమాఱు టెలివిజన్ తెరమీద నిలిచి, ఉన్నతపాఠశాలల విద్యార్థులను గణితమునందును విజ్ఞానశాస్త్రమునందును ప్రశ్నలడిగిన వ్యక్తిగా వారు ఆమెను ఎఱుగుదురు. మన కళింగము పేరుగల బహుమానము సముద్రములు దాటిపోయి ఒక ప్రశ్నల పోటీని ఏల గౌరవించినదో, ఆ పోటీ చరిత్ర ఏమో, దానినుండి నౌపడ వంటి ఊరి పాఠశాల గ్రహింపదగినది ఏమున్నదో ఈ వ్యాసమున విచారింతము.

పాఠశాలలకు పాఠశాలలకు నడుమ ప్రశ్నల పోటీని ఆకాశమార్గమున నడపుట రేడియోతోనే మొదలైనది. బ్రిటిష్ రేడియోలో 1948 లో ‘టాప్ ఆఫ్ ది ఫామ్’ అను కార్యక్రమము ప్రారంభమైనది. రెండు పాఠశాలల జట్లు తమ తమ పాఠశాలల భవనములలోనే కూర్చుండెడివి. తంతుల ద్వారా రెండు చోట్లను కలిపి, ప్రశ్నలను సమాధానములను దేశమంతట వినిపించెడివారు. పిల్లవాడు తన తోటివారి నడుమ, తన ఉపాధ్యాయుల యెదుట నిలిచియే దేశమునకు సమాధానము చెప్పెడివాడు. ఆ కార్యక్రమము 1986 వరకు నడచినది. 1962 నుండి 1975 వరకు దానికి టెలివిజన్ రూపము కూడ ఉండెను. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1961 లో ఆరంభమైన ‘ఇట్స్ అకడమిక్’ అను పాఠశాలల పోటీ టెలివిజన్ ప్రశ్నల కార్యక్రమములన్నిటిలో దీర్ఘాయువు గలదిగా పేరు పొందినది. ఇవి సర్వవిషయములకు సంబంధించిన పోటీలు. వీనిలో శాస్త్రము ఒక భాగము మాత్రమే. గణితమును, విజ్ఞానశాస్త్రమును మాత్రమే గ్రహించి, వానినే దేశమంతయు ఉత్సాహముతో చూచు వినోదముగా మార్చిన ఘనత ఘానాకు దక్కవలెను.

ఘానాకు పూర్వము గోల్డ్‌కోస్ట్ అని పేరు. 1957 మార్చి 6 న అది బ్రిటిష్ పాలననుండి విముక్తమైనది. అచ్చట 1965 లో టెలివిజన్ ప్రసారములు ప్రారంభమైనవి. 1993 లో ప్రైమ్‌టైమ్ అను సంస్థకు అధిపతియగు క్వాకూ మెన్సా-బోన్సు ఈ పోటీని తలపెట్టెను. గణితశాస్త్రములనగా పిల్లలు జంకుచుండిరి. పాటకును బంతియాటకును ఉన్న ఆకర్షణ చదువునకు కూడ కల్పింపవలెనన్నది ఆయన సంకల్పము. ప్రశ్నలడుగుటకు ఘానా విశ్వవిద్యాలయమునుండి మేరియన్ ఆడీని పిలిచిరి. 1994 లో కుమాసీ నగరమునందలి ప్రెంపే కళాశాల తొలి విజేతగా నిలిచినది. అచ్చట కళాశాలయనగా ఉన్నతపాఠశాల వంటిదియే.

ఆడీ 1942 లో జన్మించెను. ఘానాలో పట్టము పొంది, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున జీవరసాయన శాస్త్రమున పరిశోధన చేసి, స్వదేశమునకు మరలివచ్చెను. ఘానా నాటువైద్యులు ఉబ్బసమునకు వాడు ఒక మొక్కను ఆమె ప్రయోగశాలకు తెచ్చి, దాని గుణమును శాస్త్రరీత్యా పరీక్షించెను. విజ్ఞానశాస్త్రములలో పూర్తి ఆచార్యపదవి నందుకొనిన తొలి ఘానా మహిళ ఆమెయే. ఊరి మొక్కను హీనముగా చూడక, గ్రుడ్డిగా నమ్మక, పరీక్షకు పెట్టిన ఆ బుద్ధియే ఆమె అడిగిన ప్రశ్నలకు వెనుక నుండినదని మా అభిప్రాయము. ఆమె 2000 వరకు ఆ పీఠము నలంకరించెను. పిమ్మట 2001 నుండి 2005 వరకు వృక్షశాస్త్రజ్ఞురాలు యురేకా అడొమాకో, 2006 నుండి జీవవైద్య ఇంజనీరింగు ఆచార్యురాలు ఎల్సీ ఎఫా కౌఫ్‌మన్ ప్రశ్నలడిగిరి. ఆడీ 2014 జనవరిలో దివంగతురాలయ్యెను.

ఆ పోటీ నడచు తీరు తెలిసికొనదగినది. ఒక్కొక్క పోటీలో మూడు పాఠశాలలు తలపడును. ఒక్కొక్క పాఠశాల తరఫున ఇద్దఱు విద్యార్థులు వేదికమీద నుందురు. మొత్తము ఐదు విడతలు. మొదటి విడతలో మూలసూత్రములను గూర్చిన ప్రశ్నలను వంతులవారీగా అడుగుదురు. రెండవదానిలో వేగము ప్రధానము. ముందుగా గంట నొక్కినవారికే అవకాశము, తప్పు చెప్పినచో మార్కు తగ్గును. మూడవదానిలో ఒక సమస్య నిచ్చి, నాలుగు నిమిషములలో కాగితముమీద సాధింపుమందురు. నాలుగవదానిలో ఒక వాక్యము చెప్పి, అది సత్యమో అసత్యమో తేల్చుమందురు. కడపటిది పొడుపుకథల విడత. ఒక వస్తువు తన్నుదాను వర్ణించుకొనుచున్నట్లు ఒక్కొక్క ఆనవాలే వినిపింతురు. మొదటి ఆనవాలుతోనే కనిపెట్టినవారికి ఐదు మార్కులు, రెండవదానికి నాలుగు, ఆపైన మూడు.

ఈ విడతలు నౌపడ పిల్లలకు ఎట్లుండునో ఊహించిచూతము. సమస్యాసాధన విడతలో ఇట్లడుగవచ్చును: ఒక మడిలోనికి వేయి లీటర్ల సముద్రపునీరు పెట్టితిమి, లీటరునకు 35 గ్రాముల లవణములున్నవి, వానిలో నూటికి 77 పాళ్లు మనము తినెడి ఉప్పు, నీరంతయు ఆవిరియైనచో ఎంత ఉప్పు రావలెను? దాదాపు 27 కిలోలని లెక్క తేలును. ఇంతటితో ఆగక, మడిలో పనిచేయువారు నీటినంతయు ఇంకిపోనీయక కడపటి చేదునీటిని ఏల తోడిపారబోయుదురని కూడ అడుగవచ్చును. సముద్రపునీరు చిక్కబడుకొలది అందలి లవణములు ఒకటి తరువాత నొకటి క్రమముగా పేరుకొనును. మొదట సున్నపు లవణము, పిదప జిప్సము అడుగుపడును. నీరు పదవవంతునకు తగ్గిన పిమ్మట ఉప్పు గట్టిపడును. మెగ్నీషియం లవణములు చివరివఱకు నీటిలోనే నిలిచియుండును. వానినికూడ ఎండనిచ్చినచో ఉప్పు చేదెక్కును. వర్షకాలమున గాలిలోని తేమను పీల్చి కుండలో చెమ్మగిల్లును. తరతరములుగా మడిలో చేయుచున్న పనిలో ఇంత రసాయనశాస్త్రము దాగియున్నది.

సత్యాసత్యముల విడతకు నౌపడ సమీపమున నున్న తేలినీలాపురపు పక్షులు చాలును. ఏటేటా అచ్చటి చెట్లమీద గూళ్లు కట్టుకొను గూడబాతులు, ఎఱ్ఱకాళ్ల కొంగలు సైబీరియానుండి వచ్చునని జనులు చెప్పుకొందురు, పత్రికలును వ్రాయును. సత్యమా, అసత్యమా? చలికి తాళలేక ఉత్తరదేశములనుండి వచ్చు పక్షి మన దేశమున శీతకాలము గడపి, గ్రుడ్లు పెట్టుటకు తన జన్మస్థానమునకే తిరిగిపోవును. తేలినీలాపురపు పక్షులో, ఇచ్చటనే గూడు కట్టి, ఇచ్చటనే పిల్లలను పెంచును. ఆ జాతి గూడబాతులు దక్షిణాసియాలోను, దాని చుట్టుపట్ల దేశములలోను మాత్రమే సంతానము కనును. కావున వాక్యము అసత్యము. ఊరందఱు నమ్మిన మాటను చెట్టుమీది గూడు చూచి కాదని చెప్పగల బాలుడు మార్కులతోపాటు మఱియొకటి సంపాదించుచున్నాడు. సాక్ష్యము చూపి మాటాడు అలవాటు వానికి అబ్బుచున్నది. ఆ పోటీకి సార్థక్యము ఇందులోనే యున్నది.

ఇక ఘానాలో ఆ పోటీ సాధించినదేమి? మొదట చెప్పవలసినది గౌరవము. అంతకు పూర్వము పాఠశాల పేరు నిలబెట్టినవారు బంతియాటగాండ్రు, పరుగుపందెములవారు. ఈ పోటీ వచ్చిన పిమ్మట లెక్కలు చేయు పిల్లవానికొఱకు సభాభవనము నిండసాగినది. పాఠశాల దుస్తులు ధరించిన విద్యార్థులు, నెరసిన తలల పూర్వవిద్యార్థులు ఒకే వరుసలలో కూర్చుండి తమ పాఠశాల పాటలు పాడుదురు. ఒక సమాధానము సరియైనదని తెలిసినంతనే వేలమంది చప్పట్లు చఱతురు. ఒక దేశమున విజ్ఞానశాస్త్రమునకు ఇంతటి ప్రజాదరణ లభించుట సామాన్యమైన విషయము కాదు. 1999 నాటి కళింగ బహుమానము ఈ పనికి తగిన గుర్తింపు.

అయినను చరిత్ర వ్రాయువారు చప్పట్లను మాత్రమే వ్రాసి ఊరకుండరాదు. ఆ పోటీలో గెలిచినవారి పట్టిక చూచినచో కొన్ని పేర్లే మాటిమాటికి కనబడును. లెగాన్‌లోని ప్రెస్బిటీరియన్ బాలుర పాఠశాల ఒక్కటియే 2023 నాటికి ఎనిమిది మార్లు ప్రథమస్థానము పొందినది. ఇట్టివి పూర్వకాలమునుండి పేరుగల పాఠశాలలు. వానికి ప్రయోగశాలలు కలవు, ధనవంతులైన పూర్వవిద్యార్థులు కలరు. ప్రాథమిక విద్యలో ఎక్కువ మార్కులు వచ్చిన పిల్లలు ఆ పాఠశాలలనే కోరుకొందురు. కాలక్రమమున ప్రాంతీయస్థాయి పోటీలు పెట్టి మారుమూల పాఠశాలలకును తలుపులు తెఱచిరి. తలుపు తెఱచుట వేఱు, సింహాసనమునకు దారి చూపుట వేఱు. మఱియొక సంగతి. ఆరంభమునుండి ప్రశ్నలడిగినవారందఱు స్త్రీలే. అయినను 1994 నుండి 2024 వరకు బాలికలకు మాత్రమే యేర్పడిన పాఠశాల ఒక్కటియు ఆ పోటీలో అగ్రస్థానము పొందలేదు. తెరమీద విదుషీమణిని చూచి ఉత్సాహము పొందిన బాలికలు వేలమంది యుందురు. ఉత్సాహము ఒక్కటియే ప్రయోగశాలకు బదులు కాజాలదు.

వేగమును గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. గంట నొక్కుటలో అరనిమిషము ఆలస్యము చేయువాడు మందబుద్ధి కాడు. శాస్త్రజ్ఞులలో నిదానముగా ఆలోచించువారే పెక్కుమంది. బ్రిటిష్ టెలివిజన్ 1966 నుండి 1981 వరకు ‘యంగ్ సైంటిస్ట్స్ ఆఫ్ ది ఇయర్’ అను వేఱొక పోటీని నడపినది. అందు పాఠశాలల జట్లు తాము నెలల తరబడి చేసిన పరిశోధనను ప్రదర్శించి, పెద్దల ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనెడివి. ఇది వేగమునకు కాక ఓపికకు పరీక్ష. ప్రశ్నల పోటీకి ఉన్న రక్తి దీనికి లేదు. దీనికి ఉన్న లోతు ప్రశ్నల పోటీకి లేదు. రెండును కావలసినవే.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. భారతదేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరు 15 న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా మొదలైనది. రెండు సంవత్సరములైన పిదప, 1961 లో, దానిని ఢిల్లీ ఉన్నతపాఠశాలలకు భౌతిక, రసాయనశాస్త్ర పాఠములు చెప్పుటకు వినియోగించిరి. ప్రయోగశాలలును ఉపాధ్యాయులును చాలనందున ఒక ప్రయోగమును అందఱకు చూపవలెనన్న ఆలోచన అది. మన దేశమున టెలివిజన్ సినిమాపాటలకు ఇల్లు కాకముందే విజ్ఞానశాస్త్రమునకు తరగతిగది యైనదని నేటి పిల్లలకు చెప్పినచో ఆశ్చర్యపడుదురు.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహము సహాయముతో ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ ప్రసారములు చేసిరి. ఉదయము పాఠశాలపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు. ఆంధ్రప్రదేశమును ఆ ఆరింటిలో నొకటి. మన రాష్ట్రమున ఎన్నుకొనబడిన గ్రామములు తెలంగాణ, కర్నూలు ప్రాంతములవి. ఉత్తరాంధ్రకు ఆ భాగ్యము కలుగలేదు. 1977 అక్టోబరు 23 న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. ఈ సీమవారికి అప్పటికిని శరణ్యము రేడియోయే. 1938 లో మద్రాసు కేంద్రము, 1948 లో విజయవాడ కేంద్రము, 1963 లో విశాఖపట్టణ కేంద్రము ఏర్పడిన క్రమమున ఆకాశవాణి మాట ఒక్కొక్క మెట్టు మనకు దగ్గరగా వచ్చినది. టెలివిజన్ చేరక పూర్వమే వేల ఇండ్లలో రేడియో పెట్టె పిల్లలకు రెండవ బడిగా నుండెను. 1991 లో ఆకాశవాణి మానవపరిణామమును గూర్చి 144 భాగముల ధారావాహికను అనేక భారతీయభాషలలో వినిపించినది. మాటతోనే శాస్త్రమును చెప్పవచ్చునని అది నిరూపించినది.

పాఠశాలల ప్రశ్నల పోటీ మన దేశమున ప్రసిద్ధి చెందినది బోర్న్‌విటా క్విజ్ పోటీతో. అది 1972 లో నగరముల సభలలో మొదలై రేడియోకెక్కినది. మొదట హమీద్ సయానీ, 1975 లో ఆయన మరణించిన పిమ్మట తమ్ముడు అమీన్ సయానీ దానిని నడపిరి. 1992 లో అది టెలివిజన్‌కు చేరినది. దూరదర్శన్‌లో 1985 లో వచ్చిన ‘క్విజ్ టైమ్’ కళాశాలల మధ్య జరిగిన పోటీ. రెండును మంచి కార్యక్రమములే. రెంటి భాషయు ఇంగ్లీషు. నౌపడ పిల్లవాడు వానిని విని, చూచి ఆనందించి యుండవచ్చును. ఆ బల్లవద్ద తనకు కుర్చీ యున్నదని అనుకొని యుండడు.

2000 సంవత్సరమున ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ వచ్చినది. 2014 లో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ అని తెలుగులోను వచ్చినది. మన ఇండ్లలో ప్రశ్నల కార్యక్రమమనగా కోటి రూపాయలు జ్ఞప్తికి వచ్చు కాలము వచ్చినది. ఒంటరిగా ఒక వ్యక్తి కూర్చుండును. సరియైన సమాధానమునకు వెల కట్టబడియుండును. ఘానా వేదికమీద ఒక పాఠశాల కూర్చుండును. అచ్చట గెలిచినది ఊరి పేరు. ఈ భేదము చిన్నది కాదు. ధనము గెలిచినవాని ఇంటికి పోవును. పాఠశాల గెలిచిన గౌరవము మఱుసటి ఏట వచ్చు పిల్లలకు కూడ మిగులును.

తెలుగునాట ఈ పద్ధతికి మిక్కిలి దగ్గరగా వచ్చినది టెలివిజన్‌లో కాక, పాఠశాలల ఆవరణములలోనే జరిగినది. 1988 లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక పిల్లలకొఱకు ‘చెకుముకి’ అను మాసపత్రికను నడపి, ఆ పేరుతోనే విజ్ఞానపు సంబరములను నిర్వహించినది. ముగ్గురు విద్యార్థులు ఒక జట్టు. మొదట పాఠశాలలో, పిదప మండలమున, జిల్లాలో, కడపట రాష్ట్రస్థాయిలో పోటీ. ప్రశ్నలు తెలుగులో నుండును. ప్రభుత్వ పాఠశాల పిల్లలును అందు సమానముగా పాల్గొందురు. చెకుముకి రాయి చిన్నది. ఇనుముతో కొట్టినచో నిప్పు పుట్టును. పేరు పెట్టినవారు ఆలోచించియే పెట్టిరి. అయినను ఈ పోటీలను చూచినవారు ఆ సభలో నున్నవారే. ఇంట కూర్చున్న తల్లి, మడిలో పనిచేయు తండ్రి తమ బిడ్డ సమాధానము చెప్పుట వినలేదు. ఘానాలో టెలివిజన్ చేసిన పని ఇచ్చట జరుగవలసియే యున్నది.

పందెమున నున్నది ఈ విషయమే. మన ఊరి పాఠశాలలలో చదువు పరీక్షకు, పరీక్ష మార్కులకు పరిమితమగుచున్నది. మార్కుల పట్టిక ఇంటికి వచ్చును. బిడ్డ ఆలోచించుట ఇంటికి రాదు. తన బిడ్డ ఒక ప్రశ్నను విని, ఒక నిమిషము మౌనముగా నుండి, కారణము చూపి సమాధానము చెప్పుటను తల్లిదండ్రులు చూచిననాడు వారికి చదువుమీద కలుగు విశ్వాసము వేఱు. ఆడపిల్ల విషయమున ఇది మఱింత నిజము. పదవ తరగతితో చదువు చాలించుదుమా, ముందుకు పంపుదుమా అను విచారము జరుగునప్పుడు, ఆమె కంఠము ఊరంతయు విన్న సంగతి ఆమె పక్షమున సాక్ష్యము చెప్పును.

ఘానావారి కడపటి విడతను మరల జ్ఞప్తికి తెచ్చుకొందము. పొడుపుకథలు మనకు క్రొత్తవి కావు. రాత్రి భోజనములైన పిమ్మట అమ్మమ్మ పొడుచుట, పిల్లలు విప్పుట మన ఇండ్ల ఆచారము. ఆ పద్ధతిలో మేమొకటి కూర్చితిమి. మొదటి ఆనవాలు: విద్యుదావేశము గల రెండు జాతుల పరమాణువులు ఒకదానినొకటి ఆకర్షించుకొని నన్ను నిర్మించినవి. రెండవది: నా స్ఫటికము ఘనాకారము, ఆరు ముఖములును చతురస్రములు. మూడవది: నన్ను చేర్చిన నీరు ఆలస్యముగా గడ్డకట్టును, ఆలస్యముగా మరుగును. నాలుగవది: మీ కన్నీటిలోను, చెమటలోను నేనున్నాను. ఐదవది: సూర్యుడు నన్ను నౌపడలో పండించును.

ఐదవ ఆనవాలు వినినంతనే నౌపడలో చంటిపిల్ల కూడ సమాధానము చెప్పును. మొదటి ఆనవాలుతోనే చెప్పువానికి ఐదు మార్కులు. నగరపు పెద్ద పాఠశాల పిల్లవాడు మొదటి ఆనవాలును పుస్తకమున చదివియుండును, మడిని చూచియుండడు. నౌపడ పిల్లవాడు ఐదవ ఆనవాలుమీద పుట్టి పెరిగినవాడు. మొదటిదానికి దారి అతనికి ఎవరును చూపలేదు. ఐదవదానినుండి మొదటిదానివరకు ఆ బిడ్డను చేయిపట్టి నడపించుటయే పాఠశాల చేయవలసిన పని. ఆ నడకను ఊరంతయు చూచునట్లు, వినునట్లు చేయుట రేడియో, టెలివిజన్లు చేయదగిన పని.

ఇందులకు గొప్ప స్టూడియో అక్కరలేదు. 1948 లోనే రెండు పాఠశాలల భవనములను తంతులతో కలిపి పోటీ నడపిరని పైన చెప్పితిమి. నౌపడ పాఠశాలయందు ఒక జట్టు, టెక్కలియందు ఒక జట్టు, పర్లాకిమిడియందలి తెలుగు పిల్లల జట్టు ఒకటి తమ తమ బడులలోనే కూర్చుండి, తమ భాషలో సమాధానములు చెప్పుకొనుటకు నేడున్న సాధనములు ఎక్కువే గాని తక్కువ కావు. ప్రశ్నలలో కొన్ని ఉప్పుమడినుండి, కొన్ని గూడబాతుల గూటినుండి, కొన్ని జీడితోటనుండి రావలెను. బాలికల జట్టు తప్పక యుండవలెను. గంట నొక్కు విడత నుండనిండు; నిదానముగా ఆలోచించు విడత కూడ నుండవలెను.

అంతవఱకు మన ఇంటిలో మనము చేయదగినది కలదు. నేటి రాత్రి రేడియో కట్టిన పిమ్మట, ఉప్పుకుండ ఎదుట పెట్టి పిల్లలను ఒక ప్రశ్న అడుగుడు: వానకాలమున ఇది ఏల చెమ్మగిల్లును? సమాధానము వెంటనే రాకున్న తొందరపడవలదు. ఒక నిమిషము వేచియుండుడు. కళింగము పేర ప్రపంచము గౌరవించిన పని కళింగపు ఇంటిలో జరుగుటకు ఆ నిమిషము చాలును.